వి.వి. గిరి, 1969 రాష్ట్రపతి ఎన్నిక, నిరుద్యోగ సమస్య: చంద్రపూర్ తెలుగువారు తెలుసుకోవలసిన విషయాలు

వరాహగిరి వెంకటగిరి (1894 ఆగస్టు 10 – 1980 జూన్ 24) భారతదేశపు నాలుగవ రాష్ట్రపతి. తెలుగువారు. కార్మిక నాయకుడు. 1969లో ఏ పెద్ద పార్టీ టికెట్టూ లేకుండా స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచారు. రాష్ట్రపతి అయిన మరుసటి సంవత్సరమే నిరుద్యోగం మీద ‘జాబ్స్ ఫర్ అవర్ మిలియన్స్’ అనే ఇంగ్లీషు పుస్తకం ప్రచురించారు. ఈ దేశంలో రాష్ట్రపతి పదవికి పోటీ చేసినవారిలో ఉపాధి సమస్యను జీవితమంతా పట్టుకుని తిరిగినవారు ఎవరంటే ముందుగా చెప్పవలసిన పేరు ఆయనదే.

ఈ వ్యాసం ఇప్పుడు ఎందుకు రాస్తున్నామో ముందు చెబుతాము. 2024లో మన జిల్లాకు ఒకే ఏడాదిలో రెండు ఎన్నికలు వచ్చాయి, ఏప్రిల్‌లో లోక్‌సభకు, నవంబరులో అసెంబ్లీకి. ఆ తరువాత మా సంఘం కార్యాలయానికి ఒక కుర్రాడు వచ్చాడు. తాత కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడి బొగ్గు గనిలో చేరాడు. తండ్రికి తాత తరువాత అదే గనిలో ఉద్యోగం వచ్చింది. కుర్రాడు బి.ఎస్సి. చదివి ఒక కాంట్రాక్టర్ కింద పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్నాడు. పార్టీల కరపత్రాలన్నీ బల్ల మీద పరిచి, “కాకా, వీటిలో ఏది నమ్మాలె?” అని అడిగాడు. మా దగ్గర చప్పున చెప్పే జవాబు లేకపోయింది. ఆలోచిస్తే గిరి గారి కథలోనే సగం జవాబు ఉందనిపించింది. మిగతా సగం మన ఇళ్లలోని పాత కాగితాలలో ఉంది. రెండూ ఇక్కడ రాస్తున్నాము.

జీవితం క్లుప్తంగా

గిరి గారు పుట్టింది బరంపురంలో. అప్పుడది మద్రాసు రాష్ట్రం గంజాం జిల్లా, ఇప్పుడు ఒడిశా. అంటే మనలాగే ఆయన కూడా నేటి తెలుగు రాష్ట్రాల సరిహద్దు అవతల పుట్టిన తెలుగువాడు. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. న్యాయశాస్త్రం చదవడానికి 1913లో ఐర్లండ్ వెళ్లిన గిరి గారు అక్కడి స్వాతంత్ర్య పోరాటంతో సంబంధాలు పెట్టుకోవడం వల్ల 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చింది.

తిరిగి వచ్చాక రైల్వే కార్మిక సంఘాలలో పనిచేశారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకులలో ఆయన ఒకరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘానికి నాయకత్వం వహించారు. 1927–28లో ఖరగ్‌పూర్ కేంద్రంగా, పనిలోంచి తీసేసిన కార్మికుల కోసం జరిగిన సమ్మెను నడిపించారు. ఈ బెంగాల్ నాగపూర్ రైల్వే పేరు మనకు కొత్త కాదు. మన చాందా ఫోర్ట్ స్టేషన్ నుంచి నాగ్‌భీడ్ మీదుగా గోందియాకు పోయే లైను ఆ కంపెనీ వేసిన చిన్న లైనే. 1990లలో దాన్ని పెద్ద లైనుగా మార్చే వరకూ మన పెద్దలు ఆ చిన్న బండిలోనే తిరిగారు.

గిరి గారు 1926లోను, మళ్లీ 1942లోను ఎ.ఐ.టి.యు.సి. అధ్యక్షులయ్యారు. 1931లో లండన్ రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజా గారిని ఓడించి, మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. స్వాతంత్ర్యం తరువాత సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా పనిచేశారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ గారి ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు.

ఇక్కడొక సంఘటన గుర్తుంచుకోవాలి. బ్యాంకు ఉద్యోగుల జీతాల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చింది. తాను కార్మిక మంత్రిగా ఉండగా ఇలా జరగడం ఒప్పుకోలేక 1954లో గిరి గారు పదవికి రాజీనామా చేశారు. క్లర్కులుగా బతికిన మావంటివారికి ఆయన మీద గౌరవం మొదలయ్యేది ఇక్కడే.

1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. ఆ తరువాత వరుసగా ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నర్‌గా ఉండి, 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు.

1969 ఎన్నిక: ముగ్గురికీ తెలుగు సంబంధమే

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే కన్నుమూశారు. గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం చేసి, ఆ మరునాడే రాష్ట్రపతి ఎన్నికలో నిలబడటానికి రాజీనామా చేశారు.

కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు, అనంతపురం జిల్లావారు. ప్రధాని ఇందిరాగాంధీ తమ పార్టీవారిని అంతరాత్మ ప్రకారం ఓటు వేయమన్నారు. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ బలపరిచిన అభ్యర్థి చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గారు. ఈయన మహారాష్ట్రవారు, రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నర్, సంయుక్త మహారాష్ట్ర విషయంలో 1956లో కేంద్ర ఆర్థిక మంత్రి పదవి వదులుకున్నవారు. మరో మాట: ఆయన భార్య దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు మన రాజమండ్రి ఆడపడుచు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు. అంటే ప్రధాన అభ్యర్థులు ముగ్గురిలో ఇద్దరు తెలుగువారు, మూడవవారు తెలుగింటి అల్లుడు.

ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు జరిగాయి. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769 వచ్చాయి. గెలవడానికి కావలసిన కోటా 4,18,169. అది ఎవరికీ రాలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427 అయ్యాయి. తేడా 14,650. ఆగస్టు 24న గిరి గారు ప్రమాణం చేశారు. ఆ ఎన్నిక మీద సుప్రీంకోర్టులో కేసు నడిచినప్పుడు రాష్ట్రపతిగా ఉంటూనే స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం ఇచ్చారు. కోర్టు ఆయన ఎన్నిక చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఓడిన సంజీవరెడ్డి గారు 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

రాష్ట్రపతి అభ్యర్థి ఉద్యోగాలు ఇస్తానని చెప్పవచ్చునా?

ఇక్కడ మన పిల్లలు తరచు పొరబడుతున్నారు. టీవీలో అమెరికా ఎన్నికలు చూసి మన రాష్ట్రపతి కూడా అటువంటివారే అనుకుంటారు. అమెరికాలో అధ్యక్షుడే ప్రభుత్వాన్ని నడుపుతాడు. అందువల్ల అక్కడ అభ్యర్థి ఉద్యోగాల పథకంతో ఓట్లు అడుగుతాడు. 1932లో పెద్ద మాంద్యం నడుమ రూజ్‌వెల్ట్ అలాగే గెలిచాడు. 1933లో మొదలుపెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కింద తొమ్మిదేళ్లలో సుమారు 30 లక్షల మంది యువకులకు అడవులు పెంచడం, రోడ్లు వేయడం వంటి పనులు దొరికాయి.

మన రాజ్యాంగం వేరు. 74వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీద నడుచుకోవాలి. 1976 నాటి 42వ సవరణతో ఈ మాట మరింత స్పష్టం చేశారు. మన రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎన్నికైన ఎం.పి.లు, ఎం.ఎల్.ఏ.లు. మనం నేరుగా ఓటు వేయము. కాబట్టి ఈ దేశంలో రాష్ట్రపతి అభ్యర్థి ఇన్ని ఉద్యోగాలు ఇస్తానని చెబితే ఆ మాట నిలబెట్టుకునే అధికారం ఆయన చేతిలో ఉండదు.

గిరి గారికి ఇది బాగా తెలుసు. అందుకే ఆయన అంకెలతో హామీలు గుప్పించలేదు. తన నమ్మకాన్ని పుస్తకంగా రాసి దేశం ముందు పెట్టారు. అధికారం లేని పెద్దమనిషి చేయగలిగింది అది. చేసి చూపించారు.

గిరి గారి ఉపాధి ఆలోచన

ఆయన చెప్పినదాన్ని మా మాటల్లో ఇలా చెప్పవచ్చు.

1. ప్రతి ఇల్లూ ఒక కుటీర పరిశ్రమ కావాలి, ప్రతి ఎకరమూ పచ్చగా పనికి రావాలి. ఆయన పేరు చెబితే పాతతరంవారికి గుర్తొచ్చే నినాదం ఇదే. పెద్ద ఫ్యాక్టరీలు అవసరమే కాని, కోట్ల మందికి పని అవి ఒక్కటే ఇవ్వలేవని దీని భావం.

2. సాగుకు పనికివచ్చీ బీడుగా పడి ఉన్న భూములను బాగుచేసి, పనిలేనివారిని అక్కడ స్థిరపరచాలి.

3. చదువుకూ చేతిపనికీ సంబంధం ఉండాలి. డిగ్రీ చేతికి వచ్చి పని చేతకాని పరిస్థితి రాకూడదు.

4. మనుషుల శ్రమ దేశానికి బరువు కాదు, పెట్టుబడి. ప్రణాళికలు వేసేటప్పుడు డబ్బు ఎంత ఉందో చూసినట్లే పనిచేసే చేతులు ఎన్ని ఉన్నాయో కూడా చూడాలి.

5. ఉన్న ఉద్యోగం గౌరవంగా ఉండాలి. యాజమాన్యం, కార్మికులు ఒకరితో ఒకరు కూర్చుని మాట్లాడుకుని తగాదాలు తీర్చుకోవాలి, ప్రతిదానికీ కోర్టుకు పోకూడదు. కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు దీన్ని ‘గిరి విధానం’ అనేవారు.

ఈ ఐదూ అప్పట్లో పూర్తిగా అమలు కాలేదు. బీడు భూముల మాట ముఖ్యంగా కాగితాల మీదే ఉండిపోయింది. మన జిల్లాకు వస్తే ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ ఎకరం విలువ పైన పండే పత్తితోనే తేలదు, కింద ఉన్న బొగ్గుతో, సున్నపురాయితో కూడా తేలుతుంది. గిరి గారి నినాదం చాందాకు సరిపోవాలంటే గని మూసిన తరువాత ఆ నేల ఏమవుతుందనే ప్రశ్న కూడా దానికి చేర్చుకోవాలి.

ఆయన రాష్ట్రపతిగా ఉన్న అయిదేళ్లలో

గిరి గారు 1974 ఆగస్టు 24 వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. ఆ కాలంలో జరిగినవి మంత్రిమండలి, పార్లమెంటు చేసిన పనులు. రాష్ట్రపతి సంతకం వాటి మీద ఉంటుంది కాని, ఆ ఘనత మొత్తం ఆయనకు కట్టబెట్టడం సరికాదు. అయినా మన ఇళ్లకు వాటితో ఎంత సంబంధం ఉందో చూడండి.

1970లో నిరుద్యోగ సమస్య మీద కేంద్రం భగవతి కమిటీని వేసింది. 1971లో గ్రామీణ ఉపాధి కోసం ఒక క్రాష్ స్కీము మొదలుపెట్టింది. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. 1972లో గ్రాట్యుటీ చట్టం వచ్చింది. రిటైరైన రోజున మా చేతికి వచ్చిన ఆ మొత్తానికి మూలం అదే.

అన్నిటికన్నా పెద్దది 1973. ఆ ఏడాది జనవరి చివర ప్రైవేటు బొగ్గు గనుల నిర్వహణను ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. మే 1 నుంచి గనులు జాతీయమయ్యాయి. 1975లో నాగపూర్ కేంద్రంగా వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడింది. అంతకు ముందు చాందా, బల్లార్షా, ఘుగ్గుస్ గనుల్లో ఠేకేదారు దయ మీద పనిచేసిన మన తాతలు, తండ్రులు ఒక్కసారిగా ప్రభుత్వరంగ ఉద్యోగులయ్యారు. హాజరు కార్డు, క్వార్టరు, దవాఖానా, భవిష్యనిధి అన్నీ వచ్చాయి. ఉద్యోగి చనిపోయినా, మెడికల్ అన్‌ఫిట్ అయినా వారసుడికి ఉద్యోగం ఇచ్చే ఒప్పందం గని కార్మికుల వేతన ఒప్పందాలలో చేరింది. నేటికీ మన కాలనీల్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నది ఆ ఒప్పందం వల్లనే.

దాని నీడ కూడా ఉంది. తండ్రి ఉద్యోగం కొడుక్కి వస్తుందన్న ధీమాతో మనవాళ్లలో చాలామంది పిల్లల చదువు మీద శ్రద్ధ పెట్టలేదు. భూమి లోపలి గనులు ఒక్కొక్కటే మూతపడి, ఓపెన్‌కాస్టులో పెద్ద యంత్రాలు వచ్చాక, మట్టి తీసే పని కాంట్రాక్టర్లకు పోయాక, ఆ ధీమా సడలింది. ఇప్పుడు మూడవ తరం నిలబడి ఉన్నది అక్కడే.

హామీ చట్టమైన చోటు మన రాష్ట్రమే

‘పని అడిగితే ఇచ్చి తీరాలి’ అనే మాటను దేశంలో మొదట చట్టంగా చేసింది మహారాష్ట్రే. విధాన పరిషత్ సభాపతి వి.ఎస్. పాగే గారు ఈ ఆలోచనను 1965లో సాంగ్లీ జిల్లా తాస్‌గావ్ తాలూకాలో చిన్న ఎత్తున ప్రయత్నించి చూశారు. 1972 నాటి ఘోరమైన కరువులో రోజ్‌గార్ హమీ యోజన రాష్ట్రమంతా లక్షల మందిని ఆదుకుంది. 1977లో చట్టమై, 1979 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది.

దీనికి డబ్బు ఎక్కడిది అన్నది చాలామందికి తెలియదు. 1975లో ప్రొఫెషన్ టాక్స్ చట్టం తెచ్చి పట్టణాల్లో జీతగాళ్ల నుంచి వసూలు చేసిన సొమ్మును పల్లెల్లో పనికి మళ్లించారు. జీతం స్లిప్పులో నెలకు 200, ఫిబ్రవరిలో మాత్రం 300 కోత పడేది, ఏడాదికి 2,500 రూపాయలు. ఫిబ్రవరి రాగానే ఆ వంద ఎందుకు ఎక్కువ పోయిందని ఆఫీసులో విసుక్కున్నవారిలో మేమూ ఉన్నాము. అది ఎందుకు మొదలైందో తెలిశాక విసుక్కోవడం మానేశాము. పథకం వెనుక డబ్బు ఏ మార్గాన వస్తుందో ముందే రాసిపెట్టుకున్న హామీ అది. అందుకే నిలిచింది.

2005లో కేంద్రం జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం చేసింది. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని దాని హామీ. 2006 ఫిబ్రవరి 2న దాన్ని ప్రారంభించింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. మొదటి విడత 200 జిల్లాలలో మన చంద్రపూర్, పక్కన ఉన్న గడ్చిరోలి కూడా ఉన్నాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో 125 రోజుల పని అంటూ కొత్త చట్టం చేసింది. అందులో కేంద్ర, రాష్ట్రాల ఖర్చు వాటాలు మారాయి. పల్లెల్లో ఉన్న మన బంధువులు గ్రామసభలో దీని వివరాలు అడిగి తెలుసుకోవాలి.

ఇటీవలి హామీలు

మా సంఘానికి పార్టీ లేదు. ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాము.

2024 లోక్‌సభ ఎన్నికలలో కాంగ్రెస్, 25 ఏళ్లలోపు డిప్లొమా, డిగ్రీవారికి ఏడాదికి లక్ష రూపాయల అప్రెంటిస్‌షిప్ హక్కు ఇస్తామని, 30 లక్షల కేంద్ర ఉద్యోగ ఖాళీలు నింపుతామని చెప్పింది. గెలిచిన ఎన్.డి.ఏ. ప్రభుత్వం జులై బడ్జెట్‌లో 500 పెద్ద కంపెనీలలో అయిదేళ్లలో కోటి మందికి ఇంటర్న్‌షిప్ ప్రకటించింది. నెలకు 5,000, ఒకసారి 6,000 రూపాయలు అని చెప్పింది.

మన రాష్ట్ర ప్రభుత్వం 2024లో ముఖ్యమంత్రి యువ కార్య ప్రశిక్షణ యోజన తెచ్చింది. 12వ తరగతి పాసైనవారికి నెలకు 6,000, ఐ.టి.ఐ., డిప్లొమావారికి 8,000, డిగ్రీవారికి 10,000 స్టైపెండు. మొదట ఆరు నెలలు అన్నారు, తరువాత 11 నెలలకు పెంచారు. నవంబరు అసెంబ్లీ ఎన్నికలలో బి.జె.పి. 25 లక్షల ఉద్యోగాలు అంది. మహావికాస్ ఆఘాడీ నిరుద్యోగులకు నెలకు 4,000 వరకు భృతి అంది.

అటు మన అన్నదమ్ముల రాష్ట్రాలలోనూ ఇదే తీరు. తెలంగాణలో 2018లో టి.ఆర్.ఎస్. 3,016 రూపాయల భృతి అంటే, 2023లో కాంగ్రెస్ 4,000 భృతి, మొదటి ఏడాదిలో 2 లక్షల ప్రభుత్వ ఉద్యోగాలు అంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో కూటమి 20 లక్షల ఉద్యోగాలు, అవి వచ్చే వరకు నెలకు 3,000 అంది. జివతి తాలూకాలో రెండు రాష్ట్రాల మధ్య వివాదంలో ఉన్న 14 ఊళ్లవారు ఇటు హామీలూ అటు హామీలూ రెండూ విన్నవారు. పని కోసం మాత్రం వాళ్ల పిల్లలూ బస్సెక్కి దూరం పోవలసిందే.

హామీని ఎలా చదవాలి?

ఆ కుర్రాడి ప్రశ్నకు మేము తయారుచేసుకున్న జవాబు ఇది. ఏ పార్టీ కరపత్రం అయినా ఈ అయిదు ప్రశ్నలు అడగండి.

1. ఇది చట్టమా, పథకమా? చట్టం అయితే ఇవ్వకపోతే అడిగే హక్కు ఉంటుంది. పథకం అయితే ప్రభుత్వ ఉత్తర్వుతో వస్తుంది, ఉత్తర్వుతోనే పోతుంది.

2. చెప్పినవారికి ఇచ్చే అధికారం ఉందా? ఎం.పి. అభ్యర్థి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలు ఇవ్వలేడు. మునిసిపల్ అభ్యర్థి గనిలో ఉద్యోగం ఇవ్వలేడు.

3. డబ్బు ఏ ఖాతా నుంచి వస్తుంది? ప్రొఫెషన్ టాక్స్ కథ గుర్తుంచుకోండి.

4. ఇస్తున్నది ఉద్యోగమా, శిక్షణా, భృతా? మూడూ మంచివే, కాని మూడూ ఒకటి కాదు. స్టైపెండు తీసుకున్నవాడికి 12వ నెలలో ఏమవుతుందో కాగితంలో రాసి ఉందా?

5. జీతం ఇచ్చేది ఎవరు? అసలు కంపెనీయా, కాంట్రాక్టరా? భవిష్యనిధి నంబరు ఉందా? 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. నియామక పత్రం అడగడం ఇప్పుడు మీ హక్కు.

కాగితాల సంగతి: మా పొరపాటు

ఇప్పుడు చెప్పేది మా సంఘం తప్పు. దాచడం ఇష్టం లేదు. ఆ కుర్రాడు రెండేళ్ల క్రితం ఒక ప్రభుత్వ పోస్టుకు రాత పరీక్ష పాసయ్యాడు. కులధ్రువీకరణ పడతాళణి సర్టిఫికెట్ అప్పటికి అతని దగ్గర లేదు. ముందు సెలెక్షన్ కానీ, తరువాత చూద్దాం అని మేమే చెప్పాము. పాత నివాసం రుజువులు వెతికేసరికి గడువు దాటిపోయింది. పోస్టు వేరేవారికి పోయింది. హామీ ఇచ్చినవాళ్లను నిలదీసే ముందు మమ్మల్ని మేము నిలదీసుకోవలసిన విషయం ఇది.

అందుకని ప్రతి కుటుంబమూ ఈ తేదీలు గోడ మీద రాసిపెట్టుకోవాలి. మహారాష్ట్రలో రిజర్వేషన్ కోసం కుటుంబం ఈ తేదీలకు ముందు నుంచి ఇక్కడ నివాసం ఉన్నట్లు చూపాలి: షెడ్యూల్డు కులాలకు 1950 ఆగస్టు 10, షెడ్యూల్డు తెగలకు 1950 సెప్టెంబరు 6, విముక్త జాతులు, సంచార తెగలకు 1961 నవంబరు 21, ఓ.బి.సి.లకు 1967 అక్టోబరు 13.

తాతగారి స్కూలు దాఖలా, గనిలో చేరినప్పటి సర్వీసు రికార్డు, ఇంటి పన్ను రసీదు, భూమి కాగితం, జనన మరణ నమోదు, వీటిలో ఏది ఉన్నా పారేయకండి. రాజురా వైపు కుటుంబాలకు ఒక ప్రత్యేక సంగతి ఉంది. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రం ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. తరువాత నాందేడ్ జిల్లాలో చేరి, 1959లో చాందా జిల్లాకు వచ్చింది. కాబట్టి మీ పాత రికార్డు ఉర్దూలోనో తెలుగులోనో ఉండవచ్చు. అది పరాయి రాష్ట్రపు కాగితం కాదు, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న ఊరి కాగితమే. తాలూకా పేరు, ఊరి పేరు మరాఠీలోకి సరిగా అనువాదం చేయించి జత చేయాలి.

ఇవి కాక పదిహేనేళ్ల నివాసం చూపే డొమిసైల్ సర్టిఫికెట్, మరాఠీ చదవడం రాయడం వచ్చినట్లు స్కూలు రుజువు ముందుగానే సిద్ధంగా ఉంచుకోండి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, రెండూ గట్టిగా వచ్చిన పిల్ల ఎక్కడా వెనకబడదు. తెలుగు నిలుపుకోవడానికి మరాఠీ మానుకోనక్కరలేదు.

చివరి మాట

గిరి గారికి 1975లో భారతరత్న ఇచ్చారు. 1974లో మొదలైన జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. అది నోయిడాలో ఉంది. కార్మికుల సమస్యల మీద పరిశోధన, శిక్షణ అక్కడ జరుగుతాయి. మన చంద్రపూర్‌లో ఆయన పేరు గుర్తున్న ఇళ్లు ఇప్పుడు తక్కువ. ఆగస్టు 10న ఆయన జయంతి. ఆ రోజు పూలదండ వేసి ఊరుకోకుండా, మా కార్యాలయంలో ఉదయం నుంచి సాయంత్రం దాకా కాగితాలు చూసే శిబిరం పెట్టాలని కార్యవర్గంలో నిర్ణయించాము. మరాఠీలో దరఖాస్తు రాసిపెట్టడానికి మాలో రిటైరైన క్లర్కులం నలుగురం కూర్చుంటాము. సర్వీసంతా మేము చేసింది ఆ పనే.

ఆ కుర్రాడి పడతాళణి సర్టిఫికెట్ ఈ మధ్య చేతికి వచ్చింది. ఇంకా కాంట్రాక్టరు కిందే ఉన్నాడు. తదుపరి పరీక్షకు వయసు రెండేళ్లు మిగిలి ఉంది. ఈసారి అతని ఫారం గడువుకు పది రోజుల ముందే నింపాము.